అబ్బులు ఇంటి గాలి తుపాకీ

తాటిగడపలంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే ఊరంతా ఆలోచనలో పడుతుంది గానీ, అబ్బులు ఇంట్లో మాత్రం ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. అబ్బులు, అతని తమ్ముడు గవరయ్య, అబ్బులు భార్య వరాలు. ఇంట్లో ఉన్నదే ముగ్గురు. వాళ్ళ నాన్న పోతూ పోతూ, పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యండిరా, సొంత బుర్ర పెట్టకండి అని చెప్పి పోయాడు. ఆయనకి కొడుకుల బుర్రల సంగతి తెలుసు, అందుకని అన్నాడు. కొడుకులు మాత్రం ఆ మాటని ఆస్తి కింద పంచుకున్నారు. అప్పట్నించీ ఎవరేం చెప్పినా ఆవగింజంత ఎక్కువ చెయ్యరు, ఆవగింజంత తక్కువ చెయ్యరు. విన్నదాన్ని కాస్త అటూ ఇటూ సర్దుకుని బతికేసే ఊరివాళ్ళని చూస్తే అబ్బులుకి జాలి. పాపం, వీళ్ళకి మాట అర్థం కాదు అనుకునేవాడు.

ఆ మాట కాకుండా నాన్న వదిలిపెట్టిన ఆస్తి ఇంకొకటి ఉంది, ఓ గాలి తుపాకీ. తాతల కాలంలో ఎవరో దొర ఊరొదిలి పోతూ పారేసిపోయాడట. భుజానికి ఆనించుకునే చెక్క భాగం ఉంటుందే, మడమ అంటారు, అది నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. గొట్టం విరిచి, సీసపు గుండు పెట్టి, మళ్ళీ మూసి మీట నొక్కితే ఎదురుగా బల్లకి కట్టిన బెలూన్ ఠాప్‌మనేది. ఏటా ముత్యాలమ్మ తీర్థంలో ఆ తుపాకీతో బెలూన్ల షాపు పెట్టడమే ఆ ఇంటి వృత్తి. గుడికి ఎదురుగా, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాటి తీరాల్సిన మూల చోటు వాళ్ళది. ఆ చోటు వాళ్ళకి ఊరికే రాలేదు. తీర్థం మొదటిరోజు పొద్దున్నే తీర్థం పెద్ద వచ్చి ఆ తుపాకీతో తొలి బెలూన్ కొట్టాలని అక్కడో ఆచారం. అది పేలాకే మిగతా షాపుల పరదాలు లేస్తాయి.

ఈ ఏడు ఆ తుపాకీయే మూలన పడింది. ఎలాగంటారా, కిందటేడు తీర్థం అవగానే, దీన్ని దొంగలకి దొరక్కుండా దాచరా అని అబ్బులు తమ్ముడితో అన్నాడు. గవరయ్య పెరట్లో గేదె నిలబడ్డ చోటుకి పక్కనే గొయ్యి తీసి పాతేశాడు. గుర్తు ఏం పెట్టావురా అంటే గేదెనే గుర్తు పెట్టాను అన్నాడు. అబ్బులు వాడి వీపు తట్టాడు. రాయి పెడితే ఎవడో ఒకడు తీసేస్తాడు, గేదెనైతే ఎవడు తీస్తాడు అని వరాలు కూడా మెచ్చుకుంది. తరవాత వానలు పడ్డాయి. వానలు వెలిశాక ఆ గేదెని వీళ్ళే పొరుగూరి వాళ్ళకి అమ్మేశారు.

తీర్థం దగ్గర పడింది. ఇంకేముంది, అన్నదమ్ములు గునపం భుజాన వేసుకుని పొరుగూరు వెళ్ళి, గేదె పక్కన తవ్వడం మొదలుపెట్టారు. ఆ ఇంటాయన పరుగెత్తుకొచ్చి, నా కొట్టంలో మీ గునపం ఏంటని కేకలేశాడు. గేదె మీది కావచ్చు గానీ దాని పక్కనున్న తుపాకీ మాదేనండి అని గవరయ్య మర్యాదగానే చెప్పాడు. ఆయన తల బాదుకుని, పోనీ ఈ గేదెని ఓ పూట తోలుకుపోండి, నా కొట్టం నాకు మిగలనివ్వండి అన్నాడు. గేదె ఇంటికొచ్చి, ఏళ్ళ అలవాటు కాబట్టి తన పాత చోటునే నిలబడింది. గవరయ్య గర్వంగా అన్న వైపు చూశాడు. గునపం ఎత్తి ఒక్క పోటు పొడిచాడు, ఫట్‌మంది. మడమ నిలువునా చీలి, ఓ చెక్క ఊడి పక్కన పడింది. మిగిలినదాన్ని వానాకాలంలోనే చెదలు తినేసి ఉన్నాయి.

ఈ కబురు తీర్థం పెద్ద చెల్లారావుగారి చెవిన పడింది. ఆయనకి మీసం పెద్దది, మాట అంతకన్నా పెద్దది. తొలిరోజు తుపాకీ పలక్కపోతే ఆ చోటు రింగులాట నాగేంద్రానికి ఇచ్చేస్తానని నలుగురిలో అనేశారు. సబ్బుబిళ్ళల మీదా బొమ్మల మీదా రింగులు వేయించే నాగేంద్రానికి ఆ మూల మీద ఎప్పట్నించో కన్ను. ఆ రోజు అబ్బులుకి అన్నం సయించలేదు. నాన్న నిలబడి, రండి బాబూ రండి అని పిలిచిన చోట నాగేంద్రం నిలబడతాడా అని కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. బుర్ర సంగతి ఎలా ఉన్నా అబ్బులు మనసు మంచిది, నాన్న మీది ప్రేమ నూటికి నూరుపాళ్ళూ నిజం.

తుపాకీ పట్టుకుని ముగ్గురూ వడ్రంగి మాణిక్యాచారిగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన చేతినిండా పెళ్ళివారి మంచాల పనితో సతమతమవుతున్నాడు. మడమ తిప్పి చూసి, ముందు చెదలు తిన్న పొరంతా పోవాలి, ఇంటికెళ్ళి గరుకు కాయితం పెట్టి రుద్దండి, చెయ్యి వేస్తే ఎక్కడా గరుకు తగలకూడదు, అప్పటిదాకా ఆపకండి అని చెప్పి పంపించాడు.

రుద్దడం మొదలుపెట్టారు. అబ్బులు రుద్ది చెయ్యి వేసి చూశాడు, గరుకుగానే తగిలింది. గవరయ్య రుద్ది చెయ్యి వేశాడు, ఇంకా గరుకు. గునపాలూ పారలూ పట్టిన చేతులు కదా, అరచేతులు చింతబెరడులా ఉంటాయి. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా రుద్దారు, మర్నాడూ రుద్దారు. చెదలు పోయాయి, చెదలు తినని చెక్క కూడా పోయింది. మడమ సన్నబడి సన్నబడి వేణువంత అయింది. అప్పుడు వరాలు తన చెయ్యి వేసి చూసి అసలు సంగతి కనిపెట్టింది.

"మావా, కర్ర నున్నగానే ఉంది. గరుకంతా మీ చేతులదే," అంది.

అన్నదమ్ములు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత తెలివైన మనిషి ఇంట్లో ఉండగా రెండు రోజులు వృథా చేశామే అని అబ్బులు బాధపడ్డాడు. వెంటనే మిగిలిన గరుకు కాయితం తీసుకుని ఎవరి అరచేతులు వాళ్ళు రుద్దుకోసాగారు. ఆచారిగారు ఆపమన్నది గరుకు పోయాకే కదా. అరచేతులు ఎర్రగా దొండపళ్ళలా అయ్యాక, మంట భరించలేక కెవ్వుమంటూనే మడమ మీద చెయ్యి వేసి చూశారు. నున్నగా ఉంది. అంతే, పని పూర్తయిందని ఇద్దరూ ఆనందంగా అరచేతులు ఊదుకున్నారు.

ఆ వేణువుని చూసి ఆచారిగారికి మతిపోయింది. తుపాకీకి మడమ కావాలా, అగరొత్తి పుల్ల కావాలా అని అడిగాడు. తరవాత జాలిపడి, రెండు టేకు చెక్కలు మడమ ఆకారంలో చెక్కి ఇచ్చాడు. సన్నబడిన కర్రకి చెరోవైపు జిగురు రాసి అతికించి, ఇద్దరూ అటొకరూ ఇటొకరూ నిలబడి గట్టిగా నొక్కి పట్టుకోండి, నేను వదలమనేదాకా వదలొద్దు అన్నాడు. సాయంత్రం వచ్చి చూద్దామనుకునే అన్నాడు పాపం. ఇంతలో అవతలి లంకలో బావమరిది కూతురి పెళ్ళికి పడవ సిద్ధంగా ఉందని కబురొచ్చింది. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ వడ్రంగి పాకలో వీళ్ళు పట్టుకునే ఉన్నారు. సాయంత్రమైంది, జిగురు రాయిలా బిగిసింది, అయినా వదలమన్నవాళ్ళు లేరు. వరాలు ఇద్దరికీ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. గవరయ్య ముక్కు మీద ఈగ వాలితే తనే తోలింది. తెల్లారేసరికి ఆచారిగారి ఇంటికెళ్ళి వాకబు చేసి, ఆయన అవతలి లంకలో ఉన్నాడని తెలుసుకొచ్చింది. ఇక చేసేదేముంది, తుపాకీ మధ్యలో పెట్టుకుని, ఎండ్రకాయల్లా పక్కకి నడుచుకుంటూ అన్నదమ్ములు రేవుకి బయల్దేరారు. వెనకాల వరాలు గొడుగు పట్టింది.

పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళాడని సామెత. వీళ్ళు పెళ్ళికి తుపాకీనే పట్టుకెళ్ళారు. పందిట్లో బాజాలు మోగుతున్నాయి, పెళ్ళికొడుకు చేతిలో మంగళసూత్రం ఉంది. ఎదురుగా చూస్తే ఇద్దరు మనుషులు, కళ్ళెర్రగా, నిద్రలేని మొహాలతో, తుపాకీ అడ్డంగా పట్టుకుని పక్కకి పక్కకి వచ్చేస్తున్నారు. బాజా ఆగిపోయింది. పంతులుగారు మంత్రం మింగేశారు. పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించి, ఎవరి తాలూకు బాబూ మీరు, ఏం కావాలి అని అడిగాడు. మాట వినాలండి, ఒక్క మాటే అని గవరయ్య చెప్పాడు. పెళ్ళికొడుకు మంగళసూత్రంతో సహా పెళ్ళికూతురి వెనక్కి పోయి నక్కాడు. ఆ దడుపులో ముహూర్తం కాస్తా దాటిపోయేలా ఉంది. వంటశాల దగ్గర గారెలు తింటున్న ఆచారిగారు అల్లరి విని పరుగెత్తుకొచ్చాడు. వీళ్ళని చూసి ఆయన చేతిలో గారె జారిపోయింది.

"ఏంట్రా ఇది? ఇక్కడికెందుకొచ్చేరు?"

"తవరు వదలమనేదాకా వదలొద్దన్నారు కదండీ. ఆ మాట అనిపించుకుపోదావని వచ్చేవండి," అన్నాడు అబ్బులు.

పందిరంతా ఆచారిగారి వైపే చూస్తోంది. పెళ్ళికూతురి తండ్రి అయితే నమిలి మింగేసేలా చూస్తున్నాడు.

"వదలండ్రా బాబూ. తక్షణం వదలండి," అన్నాడు.

వదిలేశారు. ఇద్దరూ ఒకేసారి, ఆయన చెప్పిన ఆ క్షణంలోనే వదిలేశారు. టేకు మడమ తిన్నగా వెళ్ళి ఆచారిగారి కాలి బొటనవేలి మీద పడింది. అతుకు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ సంగతి చూసుకుని అబ్బులు మురిసిపోతుంటే, ఆచారిగారు ఒంటికాలి మీద పందిరి చుట్టూ గెంతుతున్నాడు. పెళ్ళివాళ్ళకి భయం పోయి నవ్వొచ్చింది. ఆ నవ్వుల్లోనే మూడు ముళ్ళూ పడిపోయాయి.

ఆచారిగారు తిరిగొచ్చాక మంచం మీద కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాడు. వీళ్ళు వెళ్ళి ఆఖరి పనేంటో చెప్పమన్నారు. ఆయన దణ్ణం పెట్టి, కొత్త చెక్క కదా, అవిసె నూనె బాగా తాగుతుంది, తాగినంతా తాగనివ్వండి, ఇక తాగననేదాకా పోస్తూ ఉండండి, మళ్ళీ నా గుమ్మం తొక్కకండి అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి వీళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. దానిమీంచి గెంతి, నూనె ఏ కొట్లో దొరుకుతుందో కనుక్కుని, మళ్ళీ గెంతి బయటికొచ్చారు.

ఇంటికొచ్చాక వరాలు చిక్కు ప్రశ్న వేసింది. తాగాలంటే నోరుండాలి కదా, దీని నోరు ఎక్కడ అని. ముగ్గురూ తుపాకీని తిరగేసి బోర్లేసి చూశారు. గుండు బయటికొచ్చేది గొట్టం చివరి నుంచి, మనిషికి మాట బయటికొచ్చేది నోట్లోంచి, కాబట్టి గొట్టం చివరే నోరని అబ్బులు తేల్చాడు. వరాలు తుపాకీకి అరిటాకు వేసి గోడకి ఆనించి కూర్చోబెట్టింది. గోదావరి వాళ్ళ మర్యాద తెలిసిందే కదా, చుట్టం విస్తరికి అడ్డంగా రెండు చేతులూ పెట్టి, చచ్చిపోతానండి ఇక చాలండి అనేదాకా వడ్డిస్తూనే ఉంటారు. తుపాకీకి అడ్డం పెట్టడానికి చేతులు లేవు, చాలనడానికి మాట లేదు. వరాలు గొట్టంలో పోసింది, మడమ మీద పోసింది, మొహమాటపడకమ్మా అని బతిమాలి మళ్ళీ పోసింది. అవిసె నూనె అయిపోయింది, నువ్వుల నూనె పోశారు. అదీ అయిపోతే ఆముదం పోశారు. చివరికి గొట్టంలోంచి నూనె పొంగి బుడబుడమంది. ఇదిగో, త్రేన్చింది అన్నాడు గవరయ్య. త్రేన్చాక ఎవరూ వడ్డించరు కాబట్టి అక్కడితో ఆపారు.

తీర్థం వచ్చింది. పొద్దున్నే బల్ల నిండా బెలూన్లు కట్టారు, ఎర్రవీ పచ్చవీ నీలివీ. బల్ల వెనక, పిల్లలు అటువైపు పోకుండా తుమ్మకంప వేశారు. నాగేంద్రం రింగులు మోచేతికి వేసుకుని, సబ్బుబిళ్ళల గంప నెత్తిన పెట్టుకుని, చోటు ఖాళీ అవగానే దిగిపోవడానికి పక్కనే కాచుకుని ఉన్నాడు. డప్పులతో చెల్లారావుగారు దిగారు. తెల్లలాల్చీ, జరీ కండువా, మీసానికి మైనం. అబ్బులు లోలోపల నాన్నని తలుచుకుని, ఈ ఒక్క దెబ్బ తగిలేలా చూడు నాన్నా అనుకున్నాడు.

చెల్లారావుగారు గొట్టం విరిచారు. చేతుల నిండా ఆముదం. ఇదేంట్రా అంటే, దానికి కడుపు నిండా పెట్టేవండి అన్నాడు గవరయ్య. ఊరంతా చూస్తుంటే ఏమంటారు, పళ్ళు కొరుక్కుంటూ గుండు పెట్టి, మూసి, భుజానికి ఆనించి మీట నొక్కారు. బుస్సుమని నూనె ధార పక్కకి లేచి నాగేంద్రం మొహాన పడింది. ఆ అదురుకి తుపాకీ చెల్లారావుగారి చేతుల్లోంచి వాలుగ చేపలా జారి, గాల్లోకి లేచి, రెండు పిల్లిమొగ్గలు వేసి, మడమతో పోయి బల్లని గుద్దింది. బల్ల వెనక్కి వాలి బెలూన్లతో సహా తుమ్మకంప మీద పడింది. ఠపఠపఠపఠప. ఒక్క బెలూన్ మిగల్లేదు.

జనంలోంచి ఓ ముసలాయన, నా ఎనభయ్యేళ్ళలో ఒక్క దెబ్బకి బల్లంతా కొట్టిన పెద్దని చూడలేదు అన్నాడు. డప్పులు మోగాయి, ఈలలు లేచాయి. చెల్లారావుగారు జారిపోయిందని చెబుదామని నోరు తెరిచారు గానీ, ఈలలు వినేసరికి ఆ నోరు దానంతటదే మూసుకుంది. జిడ్డు చేత్తోనే మీసం మెలేశారు. అబ్బులు కంపలో దూరి తుపాకీ బయటికి తీశాడు. మడమకి గీత కూడా పడలేదు. దాన్ని గుండెలకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

నాగేంద్రం కళ్ళలో నూనె తుడుచుకుని, అది తుపాకీ కొట్టడం కాదండీ జారిపోవడం అని గొడవకి దిగాడు. ఆ మాట నలుగురిలోకీ పాకితే మీసానికి పరువు దక్కదు. చెల్లారావుగారు సున్నం తెప్పించి, షాపు చుట్టూ గీత గీయించారు. నాగేంద్రం వైపు గుడ్లురిమి చూసి, అబ్బులుకి గట్టిగా చెప్పారు.

"ఈ చోటు నీదే. తీర్థం అయ్యేదాకా ఈ గీత లోపల ఎవర్నీ అడుగు పెట్టనివ్వకు. ఎవడొచ్చినా సరే."

"చిత్తమండి," అన్నాడు అబ్బులు.

పరదాలు లేచాయి. ఒక్క దెబ్బకి బల్లంతా పేల్చిన తుపాకీని చూడాలని జనం విరగబడ్డారు. అంత రద్దీ వాళ్ళ నాన్న హయాంలో కూడా లేదు. గవరయ్య కొత్త బెలూన్లు ఊది కట్టాడు. కుర్రాళ్ళు డబ్బులు పట్టుకుని గీత దాటబోయారు. అబ్బులు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. లోపలికి రావడానికి లేదు, పెద్దల ఆజ్ఞ అన్నాడు. కొత్తగా పెళ్ళైన జంట వచ్చింది, వెనక్కి పంపాడు. మధ్యాహ్నం చెల్లారావుగారే మనవరాలిని ఎత్తుకుని, తన ప్రతాపం ఇంకోసారి చూపిద్దామని వచ్చారు. ఎవడొచ్చినా సరే అని తవరే సెలవిచ్చేరండి అని అబ్బులు నమస్కారం పెట్టి గీత బయటే ఆపేశాడు. ఆయన ఏదో అనబోతే చుట్టూ ఉన్నవాళ్ళు, మాట మీద నిలబడే మనిషండీ అని అబ్బులునే మెచ్చుకున్నారు.

వరాలు టీ తేవడానికి వెళ్ళి తిరిగొచ్చింది. గీత దగ్గర మొగుడు ఆపాడు. మరి నేనూ ఎవర్నో ఒకర్ని కదా అని ఆవిడ కూడా ఒప్పుకుని బయటే నిలబడి గ్లాసు అందించింది. టీ అందుకోవడానికి అబ్బులు కాలు గీత బయటికి పడింది. తిరిగి లోపలికి వెయ్యబోతే గవరయ్య అడ్డం వచ్చాడు. తప్పు అన్నియ్యా, ఎవర్నీ అన్నారు కదా అన్నాడు. అబ్బులుకి తమ్ముడి మీద అంత గర్వం జన్మలో ఎప్పుడూ కలగలేదు. తరవాత గవరయ్య ఒక్కడే లోపల కాసేపు నిలబడి, కాళ్ళ వైపు చూసుకుని, మరి నా సంగతేంటి అన్నాడు. ముగ్గురూ ఆలోచించారు. ఇంకేముంది, వాడు కూడా ఒక్క గెంతులో బయటికొచ్చేశాడు.

తీర్థం జరిగినన్ని రోజులూ ఆ గీత లోపల పిట్ట వాలలేదు. బల్ల మీద బెలూన్లు గాలికి ఊగుతున్నాయి, పక్కన మడమ నిగనిగలాడుతూ తుపాకీ, చుట్టూ ముగ్గురూ మూడు దిక్కులా కాపలా. నాలుగో దిక్కున కాపలాకి మనిషి చాలక నాగేంద్రాన్ని బతిమాలి నిలబెట్టుకున్నారు. అటు పోయేవాళ్ళు ఆగి ఆశగా చూస్తే, అబ్బులు ఛాతీ పొంగించి, చేతులు జోడించి అచ్చం వాళ్ళ నాన్నలాగే కేకేసేవాడు.

"వచ్చే ఏడు రండి బాబూ, వచ్చే ఏడు రండి. ఈ ఏడు చోటు మాది."